అయిపోని దుబాయి సబ్బు

మా ఆర్మూర్‌లో గల్ఫ్ నుంచి మనిషి దిగితే ముందు మనిషిని చూడరు, పెట్టెను చూస్తారు. మనిషి చిక్కాడా, నల్లబడ్డాడా, మోకాలు పట్టేసి కుంటుతున్నాడా, అవన్నీ తర్వాత. ప్లాస్టిక్ తాడు చుట్టి, నల్లటి మార్కరుతో పేరూ ఊరూ రాసిన ఆ పెద్ద అట్టపెట్టె ఎంత ఎత్తుంది, ఎంత బరువుంది, అదే ముచ్చట. "పెట్టె ఎప్పుడు ఇప్పుతున్నరు?" అని దారిలో ఆపి మరీ అడుగుతారు. దానికొక పూట పెట్టుకుంటారు. చుట్టాలంతా వచ్చి చాపల మీద కూర్చుంటారు. అల్లుళ్లకు వాచీలు, ఆడబిడ్డలకు సెంట్లు, అన్నదమ్ములకు దుప్పట్లు, ముసలివాళ్లకు తలనొప్పి తైలం, పక్కింటివాళ్లకు సబ్బులు, పిల్లలకు చాక్లెట్లు. ఎవరికి ఏది తక్కువైనా ఆ అలక మళ్లీ పెట్టె వచ్చేదాకా తీరదు.

ఆ పెట్టె అంటే నాకు ఒళ్లు మంట. అదేమీ దాచుకునే సంగతి కాదు, మా చుట్టాలందరికీ తెలుసు.

మా ఆయన దుబాయిలో ఏసీ మెకానిక్. పెళ్లైన ఏడాదికే అక్కడికి పోయాడు. నేను ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. పిల్లల చేత పొదుపు మీద వ్యాసాలు రాయిస్తాను, ఎర్రసిరాతో దిద్దుతాను. ఊరికే చెప్పడం కాదు, చేసేదాన్నే. బడికి నడిచే పోతాను. కూరగాయలకు అంగడి ఎత్తేసే వేళకు పోతాను. అప్పటికి టమాటాలూ కాస్త మెత్తబడతాయి, అమ్మేవాళ్లూ మెత్తబడతారు. నా పాత చీర మా బిడ్డకు లంగా అవుతుంది, లంగా చిరిగితే దిండు గలేబు అవుతుంది, అదీ చిరిగితే బండలు తుడిచే బట్ట. ఏసీ మెకానిక్ పెళ్లాన్ని, ఆర్మూర్ ఎండల్లో కూలర్‌లో నీళ్లు పోసుకుంటూ బతికాను. నవ్వండి, నేనూ నవ్వుకునేదాన్ని.

ఇంత చేసీ చేతిలో ఏం నిలిచేది? ఆయన రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చే ముందు నెలల తరబడి సంపాదించిందంతా ఆ పెట్టెలోకి పోయేది. చాలకపోతే అక్కడే తోటివాళ్ల దగ్గర అప్పు చేసేవాడు. వచ్చాక చుట్టాల ఇళ్లలో దావత్‌లు, బట్టలు పెట్టడాలు. దుబాయి నుంచి వచ్చినవాడు ఉత్త చేతులతో పోతే బాగుంటుందా మరి! సెలవు అయిపోయేసరికి మేం మొదలుపెట్టిన చోటే ఉండేవాళ్లం. "గీ ఒక్కసారి పోయొస్త. మల్ల వచ్చి ఆర్మూర్లనే దుకాణం పెట్టుకుంట," అనేవాడు. ఆ "గీ ఒక్కసారి" ఎన్నిసార్లు విన్నానో! మా బిడ్డ పుట్టినప్పుడు ఆయన లేడు, నడిచినప్పుడు లేడు, బడిలో వేసినప్పుడు లేడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు చూడండి, ఆ పల్లకీ మోసేది మా ఆయన, ఈగలు తోలుకునేది నేను.

ఇంట్లో పెద్దదిక్కు మా అత్తమ్మ. దొంకేశ్వర్ దగ్గరి పల్లెలో పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి ముసలిదైన మనిషి. మామయ్య పోయాక మా దగ్గరికి వచ్చింది. నా పొదుపు ఆమె ముందు పిల్లలాట. కొత్త సబ్బు తేగానే, "దారం తే పిల్లా," అనేది. దారాన్ని రెండు చేతుల్లో బిగించి పట్టి సబ్బును నడిమికి కోసేది. సగం వాడకానికి, సగం అటక మీదికి. అరిగి పలచబడ్డ పెచ్చును కొత్త ముక్కకు అంటించేది. తను మాత్రం ఆ ముక్కను కూడా ముట్టదు. శనగపిండీ పసుపూ కలిపి రుద్దుకుంటుంది.

కొడుకు పెట్టె విప్పిన ప్రతిసారీ ఆమె వాటాకు మంచి సబ్బులూ, సెంటూ, తువ్వాలూ వచ్చేవి. అన్నీ పట్టుకుపోయి తన సందుగలో పెట్టుకునేది. సందుగ అంటే ఆమె పెళ్లినాటి రేకు పెట్టె. తాళంచెవి ఎప్పుడూ కొంగు ముడిలోనే.

"అత్తమ్మా, ఒక్క సబ్బన్న విప్పరాదు? ఎవలి కోసం దాస్తున్నవ్?" అని అడిగితే, "నాకు గా వాసనలు పడయి బిడ్డా," అనేది.

పడకపోతే పడేవాళ్లకు ఇవ్వొచ్చు కదా! మా బిడ్డ ఒకసారి బడి వార్షికోత్సవానికి కాస్త సెంటు కొట్టుకుంటానని బతిమాలితే కూడా తాళం తీయలేదు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి అని వంటింట్లో గిన్నెలతో చెప్పుకున్నాను. గట్టిగానే చెప్పుకున్నాను, ఆమెకు వినపడాలనే.

ఆఖరిసారి సెలవు దొరికినప్పుడు మా ఆయన వీడియో కాల్ చేశాడు. "ఎవలకేం తేవాల్నో చెప్పు," అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఈసారి పెట్టె వద్దు," అన్నాను.

"వద్దంటే?"

"వద్దంటే వద్దే. నువ్వొస్తే చాలు. చేతులూపుకుంట రా."

"గట్లెట్ల వస్త? ఇజ్జత్ పోదా? అక్క ముంగట, బావ ముంగట తలకాయ ఎట్ల ఎత్తుకోవాలె?"

"నీ ఇజ్జత్ సబ్బుల ఉన్నదా, సెంటు సీసల ఉన్నదా? నీ బిడ్డ పదో తరగతికి వస్తున్నది. నిన్ను ఫోన్ల చూసుడే గని పక్కకు కూసొని చూసిందా? ఇజ్జత్ అట ఇజ్జత్!"

ఆయన ఫోన్ పెట్టేశాడు. నేనూ మళ్లీ చేయలేదు. మర్నాడు ఆయనే చేశాడు. ఒక వర్క్‌షాపు మూసేస్తున్నారట, పాత పనిముట్లు సగం ధరకే ఇస్తున్నారట. ఏసీ పైపుల్లోంచి గాలి లాగే పంపు, గ్యాసు కొలిచే గేజీలు, రాగి గొట్టాలు వంచే సామాను. "గవి ఉంటే ఆర్మూర్ల దుకాణం నడిపియ్యొచ్చు. గని గవి కొంటే పెట్టెకు పైసలుండయి," అన్నాడు.

"కొను," అన్నాను. "కొని, వీసా కూడ రద్దు చేసుకొని రా."

"అగో, అది ఉండనీ. సెలవు మీదనే వస్త. అక్కడ పని నడవకుంటే ఒక తోవ ఉండాలె గద."

ఆ తోవే నా గుండెల్లో ముల్లు. ఆరు నెలలు ఆ దేశం బయట ఉంటే వీసా దానంతట అదే పోతుంది. అంటే ఆ ఆరు నెలలు ఆయన ఇక్కడ నిలబడితే మాకు దక్కినట్టు, నిలబడకపోతే మళ్లీ విమానం. నేను దేవుణ్ణి వేరే ఏమీ అడగలేదు, ఆ ఆరు నెలలు గట్టెక్కించమన్నాను.

అత్తమ్మకు సంగతంతా చెప్పాను. చేటలో పసుపు కొమ్ములు ఏరుతూ వింది. "అయితే ఇగ పోడా?" అని అడిగింది. "నిలబడితే పోడు," అన్నాను. మళ్లీ ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆయన పసుపు ఎండబోసే రోజుల్లో వచ్చాడు. ఊరి చుట్టూ ఎటు చూసినా పసుపు కుప్పలే, బట్టలకు, ఊపిరికి అంతా అదే వాసన. పెట్టెను ఆటోలోంచి దించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. అది చూసి వీధి వీధంతా, "అబ్బో, ఈసారి మస్తు తెచ్చిండు!" అంది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. చుట్టాలకు ముందే చెప్పేద్దామంటే ఆయన, "నేను చెప్త తీ," అని నాన్చాడు. నాన్చినవాడు చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ దిగారు. మా ఆయన అక్క, అంటే నాకు వదినె, ముందు వరుసలో కూర్చుంది. ఆమె భర్తకు కుర్చీ వేశాం. సకినాలు పెట్టాను, చాయ్ పోశాను. మా ఆయన తాడు కోసి పెట్టె మూత తెరిచాడు. పైన ఒక తువ్వాలు. పిల్లలు ముందుకు జరిగారు. తువ్వాలు తీస్తే కింద నూనె మరకల పంపు, దాని పక్కన గేజీలు, పానాలు, ఒక బరువైన సుత్తి.

ముందుకు జరిగిన పిల్లలు వెనక్కి జరిగారు.

"గిదేందిర తమ్మీ? ఇనుప సామాన్ల దుకాణం తెచ్చినవా?" అంది వదినె.

"అడుగున చూడుర, సబ్బులు గిట్ల ఉంటయి," అన్నాడు ఆమె భర్త.

మా ఆయన నిజంగానే అడుగు దాకా చెయ్యి పెట్టి చూపించాడు. అడుగున రాగి గొట్టం చుట్ట ఉంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎండలో, ఎత్తైన మేడల గోడలకు వేలాడి ఏసీలు బిగించిన మనిషి ఒక్క సబ్బు లేనందుకు అంతమంది మధ్య ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. 'ముందే చెప్పమంటే చెప్పావా, మొద్దూ' అని కోపమూ వచ్చింది.

"ఏమనుకోకు బావా, ఈసారి జర ఇబ్బంది అయింది," అన్నాడు. "వచ్చేసారి అందరికి తెస్త."

వచ్చేసారి! వచ్చి ఇంకా రెండు రోజులు కాలేదు, అప్పుడే వచ్చేసారి! చుట్టాలు కూడా ఆ మాట పట్టుకుని, "ఆఁ, గంతే తీ, వచ్చేసారి తెస్తడు," అని సర్దుకోసాగారు. అంత తేలిగ్గా వాళ్లు ఆయన్ని మళ్లీ విమానం ఎక్కించేస్తున్నారు. నేను నోరు తెరిచాను. మాట బయటికి వచ్చి ఉంటే వదినెకూ నాకూ ఏడాది పాటు మాటలుండేవి కావు. అంతలో అత్తమ్మ లేచింది.

"కోడలా, జర సందుగ పట్టు," అంది.

ఇద్దరం కలిసి సందుగను నడింట్లోకి లాగాం. ఆమె కొంగు ముడి విప్పి తాళం తీసింది. మూత ఎత్తగానే గుప్పున పసుపు వాసన. పురుగు పట్టకుండా మూలమూలకూ పసుపు కొమ్ములు, ఎండిన వేపాకు వేసి పెట్టింది. వాటి మధ్య వరసగా సబ్బులు, సెంటు సీసాలు, తైలం బుడ్లు, మడత విప్పని తువ్వాళ్లు, ఒక టార్చిలైటు. కొడుకు వచ్చిన ప్రతిసారీ ఇచ్చినవన్నీ ఇచ్చినట్టే ఉన్నాయి. ఒక్క కాగితం చిరగలేదు.

"అల్లుడా, గీ తువ్వాల నీది. టార్చి కూడ నువ్వే తీసుకో, పొద్దుమీకి పొలానికి పోతవ్," అంది అత్తమ్మ. "ఇగోనే బిడ్డా, సెంటు."

వదినె సీసా తిప్పి చూసింది. "అమ్మా, గిది పోయినసారి నాకిచ్చినసుంటిదే గద!"

"అవునే. నీది నువ్వు అయిపోగొట్టినవ్, నాది గీడ ఉన్నది."

"సగమే ఉన్నది గదనే!"

"సగం గాలికి పోయింది. నేనైతే తాగలే."

అందరూ నవ్వారు. వదినె సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుని, "పసుపు వాసనొస్తున్నదేందే?" అంది. "పసుపుల పుట్టి పెరిగినదానివి, నీకు గా వాసన కొత్తనా?" అని అత్తమ్మ ఆమె చేతిలో ఇంకో సబ్బు పెట్టింది. వదినె కూడా నవ్వేసింది. పాపం, ఆమె చెడ్డది కాదు. ఆ ఇంట్లో అందరూ అలవాటు పడ్డ ఆశే ఆమెదీ. తమ్ముడు తెచ్చిన సెంటు అని నలుగురికీ చెప్పుకోవడం ఆమెకు కావాలి, అంతే.

సందుగ దాదాపు ఖాళీ అయ్యాక అత్తమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"మావోడు వచ్చేసారి అన్నడు. వచ్చేసారి లేదు," అంది. "ఎవలకన్న ఏమన్న తక్కువైతే ఇప్పుడే అడుగుండ్రి, ఉన్నంతల ఇస్త. మల్ల నా కొడుకును పెట్టె అడగకుండ్రి."

గొంతు పెంచలేదు. మా ఆయన తలొంచుకుని పానాలన్నీ మళ్లీ పెట్టెలో సర్దుకున్నాడు. సందుగ అడుగున ఒక్క సబ్బు మిగిలితే, దాన్ని అందులోనే ఉంచి అత్తమ్మ తాళం వేసుకుంది.

చుట్టాలు పోయాక చాయ్ గ్లాసులు కడుగుతూ అడిగాను. "ఇన్నేండ్ల సంది ఎందుకు దాచినవ్ అత్తమ్మా? నిజం చెప్పు. వాసనలు పడయి అనకు."

ఆమె గ్లాసులు తుడిచి బోర్లిస్తూ చెప్పింది. "ఆడు మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు గా సబ్బు మస్తు ఖుషీగ రుద్దుకున్న బిడ్డా. ఎంత మంచిగుండె! అప్పుడు ఆడు పోవాల్నా వద్దా అని ఊగుతున్నడు. ఒకనాడు నేను నవ్వులాటకు, 'సబ్బు అయిపోయింది కొడుకా' అన్న. 'అయిపోతే ఏందమ్మా, మల్ల తెస్త' అన్నడు. వారం తిరగకముందే పోయిండు. మల్ల తేవాలంటే మల్ల పోవాలె గద. గప్పటి సంది ముట్టలే. అయిపోతనే గద అడిగేది."

నా చేతిలోని గ్లాసు పక్కన పెట్టేశాను. ఒక సబ్బు వల్ల ఎవరూ దుబాయి పోరని ఆమెకు చెప్పొచ్చు. బడిలో చదువు చెప్పేదాన్ని కదా, ఎన్నైనా చెప్పొచ్చు. కానీ మా ఇంటి లెక్క చూస్తే ఆమె చెప్పింది అబద్ధమూ కాదు. అందరి సబ్బులూ, అందరి సెంట్లూ కలిసే ఆయన్ని అన్నిసార్లు పంపాయి.

"మరి ఇయ్యాల అన్ని ఇచ్చినవ్, ఒక్కటెందుకు ఉంచుకున్నవ్?" అన్నాను.

"వీసా ఇంక ఉన్నదన్నవ్ గద," అంది.

మార్కెట్ రోడ్డుకు దగ్గరలో చిన్న షట్టర్ కిరాయికి తీసుకున్నాం. ఆ ఎండాకాలం పని బాగానే వచ్చింది. పసుపు కమీషన్ దుకాణాల సేట్లు గదుల్లో ఏసీలు బిగించుకుంటారు, పసుపు దుమ్ము పట్టి అవి ఊరికే మొరాయిస్తాయి. మా ఆయన సాయంత్రం ఇంటికొస్తే చొక్కా పచ్చగా ఉండేది. ఉతకలేక తిట్టుకునేదాన్ని, తిట్టుకుంటూ సంతోషపడేదాన్ని. మా బిడ్డ కూడా ఆ పచ్చ చొక్కా పక్కనే కూర్చుని లెక్కలు చేసుకునేది.

వానలు మొదలయ్యాయి. ఏసీలు ఆగిపోయాయి, దుకాణం ఫోన్ మోగడం మానేసింది. అదే అదను చూసుకుని కంపెనీ నుంచి ఫోన్: వస్తావా, రావా? వదినె భర్త కూడా ఓ రోజు వచ్చి కూర్చున్నాడు. ఆయన మంచికే చెప్పాడు. "వానకాలం నాలుగు నెలలు ఈగలు తోలుకుంట కూసుంటవా? వీసా ఉన్నప్పుడే పో. ఉన్న తోవ మూసుకోకు," అన్నాడు. ఆ రోజు నుంచి మా ఆయనకు అన్నం సయించలేదు. గోడకున్న క్యాలెండర్ వైపు చూడటం, ఫోన్ వైపు చూడటం. అత్తమ్మ ఆ చూపులు చూసేది, తన సందుగ వైపు చూసేది, కొంగు ముడి తడుముకునేది.

నాకిక ఓపిక పోయింది. అన్నం ముందు కూర్చోబెట్టి అడిగేశాను. "పోవాల్నని ఉన్నదా?"

"పోవాల్నని ఎవనికుంటది? ఇల్లెట్ల నడుస్తదని ఫికర్."

"ఇల్లు నడుపుడు నాకు చెప్తున్నవా? ఇన్నేండ్లు ఎవలు నడిపిన్రు? నువ్వు సంపాదించినయి పెట్టెకు, దావత్‌లకే పోయినయి. ఇల్లు నా జీతం మీదనే నడిచింది. మన ఖర్చు చిన్నది. చిన్న ఖర్చున్నోనికి చిన్న సంపాదన చాలు. గీ వానలు పోయేదాక వాషింగ్ మిషన్లు బాగుచెయ్యి, ఫ్రిజ్‌లు బాగుచెయ్యి. ఏం లేకుంటే ఇంట్ల కూసొని నాకు ఉల్లిగడ్డలు కొయ్యి. గంతే గని మల్ల గా పెట్టె నా ఇంటికి రావద్దు!"

ఆయన కంచం నా వైపు జరిపి, "కూర ఇంకింత వెయ్యి," అన్నాడు. తెలుగు టీచర్‌ని, ఇంత ఉపన్యాసం ఇస్తే దానికి జవాబు అది!

మర్నాడు మాత్రం మొదట వదినె ఇంటికే పోయి, పోయిన వానాకాలం నుంచి మూలనపడ్డ వాళ్ల ఫ్రిజ్ తెచ్చి దుకాణంలో పెట్టుకున్నాడు. వదినె కూలి డబ్బులు తీసుకోవాల్సిందే అంది. దాన్ని చూసి పక్కవీధి వాళ్లు ఇంకోటి తెచ్చారు. అలా, కొన్ని రోజులు బాగా, కొన్ని రోజులు బొత్తిగా ఏమీ లేక, వానలు గడుస్తూ పోయాయి.

ఒక పొద్దున ముసురు పట్టి ఉంది. ఆయన బండి మీద సామాను సంచీ కడుతూ, ఏదో వాన సంగతి చెప్పినట్టు, "అమ్మా, నిన్నటితోని వీసా పోయింది. ఇగ పోదామన్నా పోరాదు," అన్నాడు.

"నిజంగనా?" అంది అత్తమ్మ.

"నిజమే."

"ఫోన్ చేసి బతిమాలినా రానియ్యరా?"

"రానియ్యరమ్మా. కొత్తగ మొదలుపెట్టాలె. నేనైతే పెట్ట."

ఆమె లోపలికి పోయి సందుగ తాళం తీసింది. ఆ ఒక్క సబ్బు పట్టుకుని వచ్చింది. కాగితం విప్పింది. నేను అలవాటు కొద్దీ కుట్టుడబ్బాలోంచి దారం తీసి ఇచ్చాను.

"దారమెందుకే?" అంది, నేనేదో తప్పు చేసినట్టు చూసి. సబ్బు మొత్తం పట్టుకుని స్నానాల గదిలోకి పోయింది.

కాసేపట్లో ఇల్లంతా ఆ సబ్బు వాసన, దానిలో కలిసిన పసుపు వాసన. లోపల నీళ్లు పోసుకుంటున్న చప్పుడు ఎంతకీ ఆగలేదు. బండి తాళం తిప్పబోయిన మా ఆయన ఆగి, గోడ ఇవతలి నుంచే కేక వేశాడు.

"అమ్మా, సబ్బు మంచిగున్నదా? అయిపోతే చెప్పు, మల్ల తెస్త!"

లోపల చెంబు చప్పుడు ఆగిపోయింది. ఆ మాట ఆమె ఎన్నేళ్లు మోసిందో ఆయనకు తెలియదు.

"యాడికెల్లి తెస్తవ్‌ర?" అంది ఆమె లోపలి నుంచి, మెల్లగా.

"అంగట్లకెల్లి తెస్తనే! యాడికెల్లి తెస్త?"

మళ్లీ చెంబు మునిగిన చప్పుడు, దాని వెంటే లోపల నుంచి నవ్వు వినిపించింది.

"అయితే అయిపోగొడ్త ఆగు!" అంది మా అత్తమ్మ.